ముదిమియందు స్నానపు గది
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటి కథను ఇతర వక్తలు చెప్పనే చెప్పుదురు. పుస్తకములు చదివించుటతో పాటు గృహస్థునకు పనికివచ్చు లోకజ్ఞానమును పంచుటయు గ్రామ గ్రంథాలయమునకు తగిన పనియే గనుక, ఈ ప్రసంగమునకు స్నానపు గదిని విషయముగ గైకొనుట జరిగినది. ఇట్టి విషయము సభలోనా యని కొందఱు నవ్వుకొనవచ్చును. ముందు వరుసలో గూర్చున్నవారిలో ఎక్కువమంది అఱువది దాటినవారు. వారు మాత్రము నవ్వరు.

భారతమున ఆశ్రమవాస పర్వములో ధృతరాష్ట్రుడు హస్తినాపురము విడిచి అడవికి బోవు ఘట్టమును పురాణ కాలక్షేపములలో అందఱును వినియే యుందురు. కుంతి ముందు నడచెను. ఆమె భుజముపై గాంధారి చేయి, గాంధారి భుజముపై అంధరాజు చేయి. ముగ్గురును వృద్ధులే, ఒకరి కొకరు ఊతయై అంతఃపురపు గడప దాటిరి. ముసలితనమునకు ఒక భుజము కావలెను. అయితే ఆ భుజమునకు ప్రవేశము లేని చోటు ఇంటిలో ఒకటి కలదు. కుమారుని చేయి పట్టుకొని పొలముగట్టు దాటుటకు సంకోచింపని తండ్రి, జలకమాడునపుడు మాత్రము తలుపు గడియ వేసికొనును. కోడలు ఎంత ఆదరము గలదైనను అత్తగారు ఆమెను లోనికి రానీయదు. దీనిని మొండితనమనుట తప్పు. అది అభిమానము. మనిషికి చివరివఱకు మిగులు ఆస్తి అదియే. కావున లోపలికి రాలేని భుజమునకు బదులుగా గోడను, నేలను, తలుపును, దీపమును భుజములుగ మార్చుట యెట్లు అనునదే నేటి ప్రశ్న.

జాఱిపడుట చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము పడుటవలన లోకములో ఏటా సుమారు 6,84,000 మంది మరణించుచున్నారు. వారిలో అఱువది దాటినవారే హెచ్చు. పల్లెలో ఈ మరణములు ఆ పేరుతో లెక్కకు రావు. తుంటి యెముక విఱిగి మంచము పట్టిన ముసలివాడు ఆఱు నెలలకు ఊపిరితిత్తుల జబ్బుతోనో, వీపుపుండ్లతోనో కన్నుమూయును. "పెద్దతనము" అని చెప్పుకొందురు. అసలు కారణము తూము దగ్గఱ పట్టిన పాచి.

మన ప్రాంతపు పాత యిండ్లలో స్నానపు గది యెక్కడ నుండును? ఇంటికి కాదు, దొడ్డికి. వంటయింటి వెనుక తలుపు తీసి, రెండు మెట్లు దిగి, గేదెల కొట్టము ప్రక్కగా నడచి, మిరపకాయల గోతములు వేసిన వసారా దాటి పోవలెను. ఒకప్పుడు తాటాకు తడికల చాటు. తరువాత నాలుగు ప్రక్కల ఇటుక గోడ, పైన రేకు, క్రింద మాచర్ల నాపరాళ్ళు, మూల నొక సిమెంటు తొట్టి. నీరు వెలుపలికి రాకుండ గుమ్మమునకు జానెడు గట్టు. లోపల గోడకు గోడకు కట్టిన దండెము. పడబోవు మనిషి చేయి మొదట అందుకొనునది ఆ దండెమునే. అది తువాలును మోయగలదు, మనిషిని మోయజాలదు.

ఇట్టి గదిని బాగుచేయవలె ననగానే పట్నమునందో, అమెరికాయందో ఉన్న కుమారుడు డబ్బు పంపును. మేస్త్రి పాతదంతయు పగులగొట్టి అద్దమువంటి టైల్సు పఱచును. చూచువారు మెచ్చుకొందురు. నిజము చెప్పవలెనన్న, ఆ గది మునుపటికంటె ప్రమాదకరమైనది. నునుపు చేయని నాపరాయి తడిసినను కాలిని కొంత పట్టును; మెఱుగు టైలు తడిసి సబ్బు నురుగు తగిలినచో పట్టదు. మన చీమకుర్తి నల్లరాయి నునుపు దేలి ఓడలెక్కి దేశదేశములకు పోవుచున్నది. దానికి గౌరవమే, కాని మెఱుగు పెట్టిన ఆ రాతిని స్నానపు గది నేలకు పఱచుట తగదు. పాత నాపరాళ్ళు కదలక, గుల్లబడక యున్నచో వానిని తీయనక్కఱలేదు. నిలిచి పోసికొను చోటను, గుమ్మము లోపలి అడుగునను ఉలితో సన్నని గంట్లు వేయించి గరుకు చేసినచో చాలును. రాతిపనివానికి అది ఒక దినపు పని. క్రొత్తగా టైల్సే కావలెనన్న, మెఱుగులేని గరుకు రకము నడిగి, అంగడిలోనే ఒకదానిపై నీరుపోసి అఱచేతితో నదిమి చూచి కొనవలెను.

పాచిని గూర్చి ఒక మాట. వారమున కొకసారి బ్లీచింగు పొడి చల్లి పుల్లల చీపురుతో రుద్దినచో నేలకు ఖర్చులేని బాగు కలుగును. అయితే బ్లీచింగును, మఱుగుదొడ్డి కడుగు యాసిడును ఒకేనాడు ఒకదానిపై నొకటి పోయరాదు. ఆ రెండును కలిసినచో క్లోరిను విషవాయువు పుట్టును. ఇఱుకు గదిలో ఊపిరాడదు. గోనెపట్టా పఱచు అలవాటు కూడ మానవలెను. అది తడిసి జరుగును, అడుగున పాచిని పెంచును.

నేల చెడుటకు మన సీమలో మఱియొక కారణము కలదు. ప్రత్తికి ప్రాణమైన నల్లరేగడి కట్టడమునకు శత్రువు. నీరు త్రాగి ఉబ్బును, వేసవిలో ఎండి నెఱ్ఱెలు విచ్చును. స్నానపు నీరు గోడ మొదటనే ఇంకుచున్నచో ఒక ప్రక్క నేల లేచి, ఒక ప్రక్క క్రుంగి, రాతికి రాతికి నడుమ అంగుళపు ఎత్తుపల్లములు వచ్చును. యువకుడు వానిని దాటిపోవును. కాలీడ్చి నడచు ముసలివాని బొటనవ్రేలు వానికే తగులును. నేలనెన్నిసార్లు సరిచేసినను లాభము లేదు; మొదట నీటిని గోడకు దూరముగ గొట్టము ద్వారా కొబ్బరి మొదలికో, అరటి పాదికో, ఇంకుడు గుంతకో పంపవలెను. తరువాత రేగడిని కొంతలోతు త్రవ్వితీసి, గ్రావెలు పోసి దిమ్మిస కొట్టి, ఆపైన నేల వేయవలెను. తూముకు వాలు అడుగుకు పావు అంగుళము చాలును. అంతకు మించిన వాలు నీటికి మంచిదేకాని కాళ్ళకు కాదు.

ఇక మోకాళ్ళ మాట. ముప్పది నలువది యేండ్లు నడుము వంచి మిరపకాయ కోసిన స్త్రీ, ప్రత్తి బోరెము తలపై మోసిన పురుషుడు అఱువది యేండ్లకు గొంతుక గూర్చుండి లేవలేరు. పశ్చిమ భాగమున దీనికి నీటి దోషము తోడైనది. భూగర్భ జలములోని ఫ్లోరైడు ఎముకలను, కీళ్ళను బిగింపజేయునని నాటి నెల్లూరు జిల్లా గ్రామములను పరీక్షించి షార్టు మొదలగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. ఆ జిల్లాలోనివైన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970లో మన జిల్లాలో చేరినవి. నడుము వంగని, మెడ తిరుగని ఆ మనుష్యుని నేలబేసినుపై గూర్చుండుమనుట శిక్ష విధించుటయే.

అందఱును బేసిను పగులగొట్టి ఎత్తు బేసిను పెట్టించుకొనలేరు. మొదట నడుమ రంధ్రముగల కుర్చీని పాత బేసినుపై నిలుపవచ్చును. మందుల దుకాణములలో దొరకును. ఊరి వెల్డింగు కొట్టులో ఇనుప గొట్టములతో చేయించుకొనవచ్చును. కాళ్ళకు రబ్బరు తొడుగు లుండవలెను. నేల వాలుగ నున్నచో కుర్చీ ఊగును గనుక, ఇంటిలో బరువైన యువకుడొకడు మొదట గూర్చుండి అటునిటు వాలి చూడవలెను. ఎత్తు సాధారణముగ 18 అంగుళములు. అయినను ఆ లెక్క కంటె, గూర్చుండు మనిషి మోకాలి మడత నేలనుండి ఎంత యెత్తున నున్నదో కొలుచుట మేలు. పాదములు రెండును నేలకు పూర్తిగా ఆనవలెను. పొట్టి అవ్వను ఎత్తు పీఠముపై గూర్చుండబెట్టి కాళ్ళు వ్రేలాడజేసినచో అదియు పడగొట్టునదియే.

స్నానపు పీటకును ఈ న్యాయమే. నాలుగంగుళముల చెక్కపీట మన పెద్దల ఆచారము. దానిపై గూర్చుండుట సులువు, లేచుట కష్టము. మోకాలెత్తు స్టూలు వేసి, నీళ్ళ బకెట్టును కూడ ఇటుకల దిమ్మపై నెత్తి నిలిపినచో నడుము వంచ నక్కఱలేదు. బరువైన ఇత్తడి చెంబునకు బదులు తేలికపాటి మగ్గు మంచిది. చెంబుపై మమకారమున్నవారు దానిని దేవుని గదిలో పెట్టుకొనవచ్చును.

పట్టుకొను గొట్టమును గూర్చి ముఖ్యముగ చెప్పవలసినది గోడ సంగతి. గుప్పిట నిండుగ పట్టుటకు ఒకటిన్నర అంగుళముల గొట్టము, గోడకు రెండంగుళముల యెడము - ఇంతవఱకు ప్రతి మేస్త్రి యెఱుగును. కాని మన పాత గోడలలో అనేకము మట్టితోనో, పిడుగురాళ్ళ సున్నముతోనో కట్టినవి. అందు మరలు బిగించినచో చూచుటకు గట్టిగ నుండి, మనిషి బరువు పడిన క్షణముననే పెళ్ళతో ఊడివచ్చును. లేని గొట్టముకంటె నమ్మించి మోసగించు గొట్టము చెడ్డది. అట్టి గోడకు బోల్టును ఆవలి ప్రక్కకు దూర్చి, వెనుక ఇనుప పలక వేసి బిగింపవలెను. లేదా నేలలో కాంక్రీటు వేసి గొట్టమును స్తంభముగ నాటవలెను. గుమ్మము దగ్గఱ నిలువుగ నొకటి, పీఠము ప్రక్క అడ్డముగ నొకటి, ఈ రెండున్న చాలు. కుళాయిని, తువాలు కమ్మీని ఊతగ పట్టుకొనరాదని ఇంటివారు పలుమాఱు చెప్పవలెను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయములో నిత్యము అభ్యంగము చేసికొనుమనియు, విశేషముగ తలకు, చెవులకు, పాదములకు నూనె పట్టింపుమనియు విధించెను. వార్ధక్యమును వాయించునది అభ్యంగమని ఆయన మతము. మన యిండ్లలో శనివారపు తలంటి ఆ మాటకు నిలిచిన గుర్తే. అయితే ఆచార్యుడు పాదములకు నూనె రాయుమనెను గాని, ఆ పాదములతో తడిరాతిపై నడువుమనలేదు. పాదములకు నూనె పడకగదిలో, రాత్రి, మంచముపై గూర్చుండి రాచుకొనవచ్చును. తలంటినాడు స్టూలుపై గూర్చుండిన తరువాతనే నూనె, కుంకుడు రసము అక్కడకు తేవలెను. లేవకముందు పాదములను సున్నిపిండితో రుద్ది కడుగవలెను. ఆ అధ్యాయముననే తలపై వేడినీరు పోసికొనరాదని, అది జుట్టునకును కన్నులకును చేటని కూడ చెప్పబడినది. ముసలివారి చర్మమునకు వేడి ఆలస్యముగ తెలియును. మధుమేహము గలవారి పాదములకు అసలే తెలియకపోవచ్చును. కావున బకెట్టులో మొదట చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు కలుపవలెను. ఈ వరుస తప్పరాదు.

కాగు పోయి కరెంటు వచ్చినది. బకెట్టులో ముంచు హీటరు కడ్డీ చవుకది, ప్రతి యింట నున్నది, అన్నింటికంటె భయంకరమైనది. దానిని స్నానపు గదిలో పెట్టరాదు. మీట ఆర్పి, ప్లగ్గు ఊడదీసిన తరువాతగాని నీటిలో వ్రేలు పెట్టరాదు. గీజరైనను, కడ్డీయైనను, ఇంటికి మంచి ఎర్తును, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. మీటయు లేక వాడుట సాహసము. కరెంటు నేలకు పాఱిన క్షణమున ఆ మీట తనంత తానే ఆగిపోవును. టైల్సుకు వెచ్చించు ధనములో స్వల్ప భాగమునకే అది వచ్చును. జమాఖర్చులలో ఈ పద్దును మొదట వ్రాసికొనవలెను. గ్యాసు గీజరును మూసిన గదిలో పెట్టుటయు ప్రాణాపాయమే. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

పడుటలో కొంత స్నానమునకు సంబంధించినది కాదు, రాత్రి నడకకు సంబంధించినది. రక్తపోటు మాత్ర వేసికొన్నవాడు చీకటిలో తటాలున లేచినచో తల తిరుగును. మంచము అంచున గూర్చుండి, నిమిషము నిలిచి, ఆపైన నడువవలెను. మంచమునుండి దొడ్డి తలుపువఱకు రాత్రియంతయు చిన్న ఎల్.ఇ.డి. దీపము వెలుగుచుండిన కరెంటు బిల్లులో కనబడదు. స్నానపు గది మీట వెలుపల, తడిచేతికి అందని చోట నుండవలెను. గుమ్మపు గట్టును పూర్తిగ తీసివేయలేనిచో ఇరుప్రక్కల వాలుగ సిమెంటు వేసి, అంచుకు పసుపు రంగు పూయవలెను.

తలుపును మరచిపోవుదురు. మన తలుపులు లోపలికి తెఱచుకొనును. లోపల పడిన మనిషి తలుపునకు అడ్డముగ పడును; వెలుపలివారు నెట్టినకొలది గాయము హెచ్చును. తలుపు వెలుపలికి తెఱచుకొనునట్లు మడతబందులు మార్పింపవలెను. లోపలి గడియకు బదులు, నాణెమునో చాకు మొననో పెట్టి వెలుపలినుండి త్రిప్పదగిన గడియలు దొరకును. అవి దొరకనిచో గడియ మానివేసి, గుమ్మమునకు తెరయు, వెలుపల "లోపల నున్నారు" అని త్రిప్పు చిన్న పలకయు పెట్టుకొన్న ఇండ్లు కలవు. పెద్దవారు మొదట ఒప్పుకొనరు. తలుపు ఎవరు తీయుదురో అను శంక వారిది. అత్యవసరమున తప్ప తీయమని ఇంటివారు మాట యిచ్చి, ఆ మాటను పిల్లలచేత కూడ పాటింపజేసినచో ఆ శంక తీఱును. మడతబందులు మార్చుట వడ్రంగికి ఒక పూట పని. తలుపు చెక్క వానకు ఉబ్బకముందే, ఈ వేసవిలోనే చేయించుట మంచిది.