పిల్లల చేతికొక సాహస నవల

పది పన్నెండేండ్ల వయస్సు చదువరి జీవితములో ఒక చిత్రమైన మజిలీ. పేదరాశి పెద్దమ్మ కథలు, మాటలాడు జంతువుల కథలు అప్పటికి వెనుకబడును. పెద్దలు చదువు నవలలలోని సంసారపు చిక్కులు ఇంకను రుచింపవు. ఈ రెంటి నడుమ తగిన పుస్తకము దొరకనిచో, చదువుట యనగా పాఠము వల్లించుటయే యని తలచి పిల్లవాడు పుస్తకమునకు దూరమగును. కావున ఈ వయస్సులో వారి చేతికి ఏ పుస్తకమిత్తుమనునది చిన్న విషయము కాదు. నేటి ప్రసంగములో మేము ఒకే ఒక నవలను శ్రోతల ముందుంచదలచినాము. అది రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రచించిన 'ట్రెజర్ ఐలండ్'. దీనిని నండూరి రామమోహనరావుగారు 'కాంచన ద్వీపం' అను పేర తెలుగు చేసియున్నారు.

ఈ నవల పుట్టుకయే ఒక ముచ్చటైన గృహగాథ. 1881వ సంవత్సరపు వేసవిలో స్టీవెన్సన్ కుటుంబముతో స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున విడిది చేసియుండెను. వాన విడువక కురియుచుండెను. ఇంట బందీయైన సవతి కుమారుడు లాయిడ్ రంగులతో బొమ్మలు వేసికొనుచుండగా, ఆ వినోదములో ఒక ఊహాద్వీపపు పటము తయారైనది. కొండలు, రేవులు, నిధి యున్న చోటులు అందులో గుర్తింపబడినవి. ఆ పటమునుండియే కథ మొలకెత్తెను. రచయిత దినమునకొక ప్రకరణము చొప్పున వ్రాసి ఇంటిల్లిపాదికిని చదివి వినిపించుచుండెను. దీపస్తంభముల నిర్మాణమున పేరుపొందిన ఇంజనీరైన ఆయన తండ్రి థామస్ స్టీవెన్సన్ సైతము పిల్లవానితో సమానముగా ఉబలాటపడి, కథలోని ఓడవాని పెట్టెలో ఏయే వస్తువులుండవలెనో స్వయముగా జాబితా వ్రాసియిచ్చెను. మొదట బాలుర పత్రికలో ధారావాహికముగా వెలువడి, 1883లో ఇది పుస్తకరూపము దాల్చినది. చదివి వినిపించుటకై పుట్టిన కథ గనుకనే నేటికిని చెవికింపుగా నుండును.

ఇక కథ. ఇంగ్లండు సముద్రతీరమున ఒక పూటకూళ్ళ ఇల్లు. దాని యజమాని కుమారుడు జిమ్ హాకిన్స్. ముఖమున కత్తిగాటు గల ముసలి నావికుడొకడు పెద్ద పెట్టెతో వచ్చి అచట దిగును. వానికి ఎవరన్నను లెక్కలేదు. కాని ఒంటికాలి ఓడవాడొకడు వచ్చునేమో యని మాత్రము లోలోపల వణకుచుండును. అట్టివాడు కనబడిన వెంటనే తనకు చెప్పవలెనని జిమ్ముకు నెలకు నాలుగు పెన్నీలు ఈయ నొప్పుకొనును. నావికుడు మరణించిన పిదప వాని పెట్టెలో నిధి యున్న దీవి పటము దొరకును. డాక్టరు లివ్సీ, జమీందారు ట్రెలానీ ఓడ నొకదానిని సిద్ధపరతురు. జిమ్ము వారితో బయలుదేరును.

ఈ ఓడకు వంటవాడుగా వచ్చినవాడే లాంగ్ జాన్ సిల్వర్. ఒక కాలు లేదు. చంకకర్రతో పిట్టవలె గెంతుచు నడచును. భుజముపై రామచిలుక. మాట తియ్యన, వంటశాల పరిశుభ్రము, ముఖమున ఎల్లప్పుడును చిరునవ్వు. ఒంటికాలివానిని గూర్చి నెలల తరబడి హెచ్చరిక వినిన జిమ్ము వీనిని చూచి ఏమనుకొనెను? ఇంత శుభ్రముగా, ఇంత సరసముగా నుండు మనిషి దొంగ యెట్లగునని తన అనుమానమును తానే కొట్టివేసికొనెను.

ఒకనాటి సాయంకాలము ఆపిలు పండు కొరకై జిమ్ము ఓడపైనున్న పీపాలోనికి దిగును. సిల్వర్ వచ్చి ఆ పీపాకే ఆనుకొని కూర్చుండి, ఒక పడుచు కళాసితో మాటలాడసాగును. అపుడు బయటపడును, ఓడలో అనేకులు ఓడదొంగలనియు, సిల్వరే వారి నాయకుడనియు! అంతకంటెను జిమ్ము గుండెను కోసిన సంగతి మరియొకటి కలదు. సిల్వర్ తన్ను మెచ్చుకొనుచు ఏ మాటలు పలికెనో, అక్షరము పొల్లుపోకుండ ఆ మాటలనే ఇపుడు ఆ కళాసితోను పలుకుచున్నాడు.

ఓడదొంగల కథ మా పిల్లలకెందుకని కొందరు తల్లిదండ్రులు ప్రశ్నింపవచ్చును. మా సమాధానము ఆ పీపాలోనే యున్నది. ఎవరిని నమ్మవచ్చునో, ఎవరిని నమ్మరాదో మనము పిల్లలకు నిత్యము చెప్పుచునే యుందుము. కాని ఆనవాలు చెప్పి హెచ్చరించినంత మాత్రమున చాలదు. ఒంటికాలు అను ఆనవాలు తెలిసియు జిమ్ము మోసపోయెను గదా! చెడ్డవాడు చెడ్డవాని వేషముతో రాడు. మనలను మెచ్చుకొనుచు వచ్చును. ఈ సత్యమును జిమ్ముతోపాటు పీపాలో ఊపిరి బిగబట్టి కూర్చుండి తెలిసికొనిన బాలుడు తేలికగా మరువడు. పుస్తకములో మోసపోవుట వలన నష్టము లేదు. బయట మోసపోయినచో కలదు.

మంచివారి సంగతియు ఇందులో తక్కువ కాదు. తాగిన నావికుడు కత్తి దూసినను డాక్టరు లివ్సీ గొంతెత్తడు, వెనుదీయడు. తమపై తుపాకులు పేల్చిన దొంగలు జ్వరపడగా వారికిని మందిచ్చును. జిమ్ము తల్లిని చూడుడు. చనిపోయిన నావికుని పెట్టెలో బంగారు నాణెములు రాశిగా నున్నను, తనకు రావలసిన బాకీకి మించి ఒక్క కాసు ముట్టనని, తక్కువయు పుచ్చుకొననని పట్టుబట్టి, దొంగలు తరుముకొని వచ్చుచుండగా లెక్కించుచు కూర్చుండును. ఆమె నిజాయితీకి మెచ్చవలెనో, మొండితనమునకు కోపపడవలెనో తెలియదు. ఆమె తప్ప కథలో చెప్పుకోదగిన స్త్రీపాత్ర లేదు, ఇది లోపమే. అయినను ఆడపిల్లలు దీనిని చదువరాదని ఎవరును అనుకొనరాదు. పీపాలో దాగిన భయమునకు ఆడమగ భేదము లేదు.

మరొక్క మాట. ఈ కథలో హత్యలున్నవి, సారా ప్రవాహమున్నది. గ్రుడ్డి బిచ్చగాని కర్ర రాత్రివేళ రోడ్డుపై టకటకలాడు ఘట్టము పెద్దలకును ఒడలు జలదరింపజేయును. పిరికి పిల్లలకు దీనిని ఒంటరిగా వదలరాదు. ప్రకరణములు ముప్పదినాలుగు, చిన్నవి. రాత్రి భోజనములైన పిదప ఇంటిలో ఒకరు దినమునకొకటి చొప్పున చదివినచో నెలదినములకు కొంచెము మించి సరిపోవును. చుక్కాని, లంగరు, తెరచాప వంటి మాటలు వచ్చినపుడు ఆగి విడమరచవచ్చును. దీవి పటమున్న ప్రతి దొరికినచో దానిని ముందుంచుకొనుడు. పిల్లలు ఎక్కడ ఏమి జరిగినదో వ్రేలితో చూపుచు వినెదరు.

కథ ముగిసిన వెంటనే నీతి యేమని అడుగకుడు. వారే అడుగుదురు. సిల్వర్ జిమ్మును తన మనుష్యుల కత్తులనుండి కాపాడెను గదా, అది ప్రేమయా, స్వార్థమా యని అడుగుదురు. తప్పించుకొని పారిపొమ్మని డాక్టరే చెప్పినను, పారిపోనని దొంగకు మాట యిచ్చితినని జిమ్ము కదలకుండుట సరియా యని అడుగుదురు. నిధి ఎవరికి దక్కినదో, సిల్వర్ ఏమయ్యెనో మేమిచట చెప్పము. ఆ ప్రశ్నలకు మాత్రము తల్లిదండ్రులు తొందరపడి తీర్పు చెప్పక, నీవేమందువని తిరిగి పిల్లలనే అడుగుట మంచిది.