డిలైల్ రోడ్డుకు ఆ పేరెవరిది?

(యూనియన్ అధ్యయన తరగతిలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట అడుగుతాం. మీలో బొంబాయి మిల్లుల్లో బద్లీ చేసి షోలాపూర్ వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలా చేతులే లేచాయి. అయితే లోయర్ పరేల్‌లో డిలైల్ రోడ్డు ఎక్కడుందో మీకు మేం చెప్పనక్కరలేదు. ఆ రోడ్డుకు తర్వాత ఎన్.ఎం. జోషీ మార్గ్ అని పేరు పెట్టారు. పాళీకి పోతూ వస్తూ ఆ బోర్డు కింద నడిచినవాళ్లమే మనమంతా. ఆ జోషీ ఎవరని పోయిన నెల కార్యవర్గంలో అడిగితే ఒకాయన "ఏదో మిల్లు సేఠ్ అయివుంటాడు" అన్నాడు. అందరం నవ్వాం. నిజం చెప్పాలంటే నవ్విన వాళ్లలో సగం మందికి జవాబు తెలియదు.

నారాయణ మల్హార్ జోషీ 1879లో కొలాబా జిల్లా గోరేగావ్‌లో పుట్టారు. 1955లో పోయారు. 1920లో ఏఐటీయూసీని నిలబెట్టినవాళ్లలో ఒకరు. 1926లో బాంబే టెక్స్‌టైల్ లేబర్ యూనియన్ మొదలైనప్పుడు దానికి అధ్యక్షుడు. అయితే ఈ రోజు మేం చెప్పదలచింది ఆయన యూనియన్ పని గురించి కాదు. 1921 నుంచి పాతికేళ్ల పాటు కేంద్ర శాసనసభలో వెనక బెంచీలో కూర్చుని ఆయన చేసిన పని గురించి. ఆయన మంత్రి కాలేదు. వెనక పెద్ద పార్టీ లేదు. ఓట్లతో గెలిచి వచ్చినవాడు కూడా కాదు, కార్మికుల పేరిట బ్రిటిష్ ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యుడు. ఆ మాట దాచాల్సిన పనిలేదు. దాని సంగతికి మళ్లీ వస్తాం.

పని గంటల లెక్కతో మొదలుపెడదాం. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం జరిగింది. ఇండియా కార్మికుల ప్రతినిధిగా జోషీ వెళ్లారు. అక్కడ ప్రపంచమంతటికీ వారానికి 48 గంటలు అని ఒప్పందం రాశారు. మనకు మాత్రం అందులోనే వేరే పద్దు పెట్టి 60 గంటలు అన్నారు. మగ్గం అదే, నూలు అదే, మనిషి వేరా? అయినా ఆనాటికి అదే గెలుపు, ఎందుకంటే మిల్లులో అంతకంటే ఎక్కువ గంటలే నడిచేవి. ఆ 60 గంటలు 1922 ఫ్యాక్టరీ చట్టంలోకి ఎక్కాయి. కార్ఖానాలో పెట్టుకునే పిల్లల కనీస వయసు 9 నుంచి 12కు పెరిగింది. 1934 చట్టంలో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకు 54 గంటలు వచ్చాయి. 1946 సవరణతో 48 వచ్చాయి. వాషింగ్టన్ ఒప్పందం నుంచి లెక్కపెట్టండి, 27 ఏళ్లు. ఆ చట్టాలు సభ ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆ వెనక బెంచీలో జోషీ ఉన్నారు.

ఇప్పుడు మద్రాసు సంగతి. ఇది మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు, బిన్నీ మిల్లులంటే అందరికీ తెలుసు. అరవవాళ్లతో పాటు మనవాళ్లూ అక్కడ మగ్గాల మీద నిలబడ్డారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టారు. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు నడుం కట్టారు, బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు. 1920లో లాకౌట్ వచ్చినప్పుడు కంపెనీ హైకోర్టుకెక్కి వాడియా మీద, మిగతా నాయకుల మీద ఇంజంక్షన్ తెచ్చింది. కోర్టు దృష్టిలో వాళ్ల నేరమేమిటంటే, కార్మికులకూ కంపెనీకీ ఉన్న కాంట్రాక్టును చెడగొట్టమని చెప్పడం. అంటే "పని ఆపండి" అని నలుగురికి చెప్తే చాలు, ఆ చెప్పినవాడు నష్టపరిహారం కట్టుకోవాలి. ఈ లెక్కన దేశంలో యూనియన్ అన్నదే మిగలదు.

1921 మార్చిలో జోషీ శాసనసభలో ఒక తీర్మానం పెట్టారు. కార్మిక సంఘాల రిజిస్ట్రేషన్‌కూ రక్షణకూ ప్రభుత్వం చట్టం తేవాలని అడిగారు. తీర్మానం అంటే చట్టం కాదు. దాన్ని పట్టుకుని ఎవర్నీ కోర్టుకు ఈడ్వలేం. కాని ఒకసారి సభలో ప్రభుత్వం చేత "తెస్తాం" అనిపిస్తే ఆ మాట రికార్డులో ఉంటుంది, ఏటా లేచి "ఏమైంది?" అని అడగొచ్చు. 1925లో బిల్లు వచ్చింది. 1926లో ట్రేడ్ యూనియన్స్ చట్టం అయింది. 1927 జూన్ 1 నుంచి అమలు. అందులో 17, 18 సెక్షన్లు చూడండి. సమ్మె గురించి మాట్లాడుకుంటే కుట్ర కేసు పెట్టకుండా 17, కాంట్రాక్టు చెడగొట్టారని సివిల్ దావా వేయకుండా 18, రిజిస్టరైన యూనియన్లకు అడ్డు నిలిచాయి. పెరంబూరులో తగిలిన దెబ్బకు కట్టిన కట్టు ఆ 18వ సెక్షన్. అయితే రిజిస్టరైన యూనియన్‌ను యాజమాన్యం గుర్తించి తీరాలన్న మాట మాత్రం ఆ చట్టంలో లేదు. ఆ లోటు మనల్ని ఎన్ని గేట్ల దగ్గర నిలబెట్టిందో మీకు తెలుసు.

చట్టం ఎలా తయారవుతుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. సభలో గట్టిగా మాట్లాడితే పేపర్లో పడుతుంది. అది చీర కొంగు లాంటిది, అందరికీ కనపడుతుంది. అసలు నేత సెలెక్ట్ కమిటీలో జరుగుతుంది. అక్కడ పద్దు పద్దుకూ కూర్చుని మాటలు మారుస్తారు. ఒక్క మాట ఎంత పని చేస్తుందో 1923 నష్టపరిహార చట్టంలో చూడొచ్చు. పని మీద కార్మికుడు చచ్చిపోతే ఇంటివాళ్లకు 30 నెలల జీతమో, 2,500 రూపాయలో, "ఏది తక్కువైతే అది" ఇవ్వాలని రాశారు. తర్వాత 1984 సవరణలో ఒక లెక్క కట్టి, లేదా ఇంత కనీస మొత్తం, "ఏది ఎక్కువైతే అది" అన్నారు. తక్కువ అనే చోట ఎక్కువ అనే మాట రావడానికి 61 ఏళ్లు. మనలో ఎన్ని ఇళ్లలో ఆ ఒక్క మాట తిండి పెట్టిందో!

ఆడవాళ్లు చాలామంది వచ్చారు కాబట్టి ఇది వాళ్ల కోసం. వాషింగ్టన్‌లోనే కాన్పు సెలవు మీద కూడా ఒప్పందం జరిగింది. జోషీ 1924లో కేంద్ర శాసనసభలో ప్రసూతి భత్యం బిల్లు పెట్టారు. 1925లో అది ఓడిపోయింది. అంతటితో పోలేదు. బొంబాయి కౌన్సిల్‌లో ఆ పని మళ్లీ ఎత్తుకున్నారు. 1928లో అక్కడ డాక్టర్ అంబేద్కర్ దాన్ని సమర్థించి మాట్లాడారు. 1929లో బొంబాయి రాష్ట్రానికి చట్టం వచ్చింది. తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, మద్రాసులో వచ్చాయి. దేశమంతటికీ చట్టం రావడానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి జోషీ పోయి ఆరేళ్లు. 2017లో అది మొదటి రెండు కాన్పులకు 26 వారాలైంది. మన వాడల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లలో ఎంతమందికి అది చేతికందుతోందన్నది వేరే తరగతి పెట్టుకుని మాట్లాడవలసిన సంగతి.

ఇక నామినేషన్ సంగతికి వద్దాం. 1929లో ప్రభుత్వం కార్మికుల మీద రాయల్ కమిషన్ వేసింది, విట్లీ కమిషన్ అంటారు. జోషీ అందులో సభ్యుడుగా చేరారు. ఏఐటీయూసీలో ఎక్కువమంది ఆ కమిషన్‌ను బహిష్కరించాలన్నారు. ఆ ఏడాదే నెహ్రూ అధ్యక్షతన నాగపూర్ మహాసభ జరిగినప్పుడు ఆ తగాదా మీద సంఘమే చీలింది. జోషీ బయటికి నడిచారు. ఆయనతో పాటు మన బరంపురం బిడ్డ వి.వి. గిరి కూడా. ఎవరిది తప్పు? మా కార్యవర్గంలో దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం, తేలలేదు. దొరవారి కమిషన్‌లో కూర్చుంటే మన నోటితోనే వాళ్ల మాట పలికిస్తారన్న భయం ఉత్తది కాదు. కాని 1931 నివేదిక చదివితే, జాబర్ చేతిలోంచి ఉద్యోగాలిచ్చే అధికారం తీసేయాలన్న మాట అందులో ఉంది. జరిమానాలకు హద్దు పెట్టాలన్న మాట ఉంది. ఆ రెండో మాటే 1936లో జీతాల చెల్లింపు చట్టమైంది. రూపాయికి అరణా మించి జరిమానా వేయకూడదని, వెయ్యిమంది లోపు ఉన్నచోట ఏడో తారీకులోగా జీతం ఇవ్వాలని వచ్చింది. అంతకు ముందు ఖరాబైన గుడ్డ నేతగాడి నెత్తిన వేసి దాని ధర కోసుకునేవాళ్లని మన తాతలు చెప్పేవారు కదా!

జోషీ బయటి పని వదిలేశారనుకోకండి. 1928లో బొంబాయి మిల్లులు ఆరు నెలలు ఆగినప్పుడు ఉమ్మడి సమ్మె కమిటీలో డాంగేతో పాటు ఆయనా ఉన్నారు. ఇద్దరికీ సిద్ధాంతంలో పొత్తు లేదు, అయినా కూర్చున్నారు. మా ఉద్దేశం చెప్పమంటే, గేటు దగ్గర లక్షన్నర మంది ఆగి ఉండకపోతే లోపల ఆ ఒక్క సభ్యుడి మాట ఎవరూ వినేవాళ్లు కారు.

ఇవన్నీ ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నామో చెప్తాం. 1929లో ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం వచ్చింది. భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ సభలో బాంబు వేసింది ఆ బిల్లు నెగ్గిన రోజునే, ఏప్రిల్ 8న. రైళ్లు, తపాలా వంటి ప్రజాసేవల్లో 14 రోజుల నోటీసు ఇవ్వకుండా సమ్మె చేస్తే నేరమని దానిలో రాశారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకూ వచ్చింది. 2020 సెప్టెంబరు 22న లోక్‌సభలో, 23న రాజ్యసభలో మూడు కోడ్‌లు నెగ్గాయి. ప్రతిపక్షాల్లో ఎక్కువమంది ఆ రోజుల్లో సభను బహిష్కరించారు. రైతుల బిల్లుల గొడవలో ఎనిమిది మంది రాజ్యసభ సభ్యులను సస్పెండ్ చేశారని వాళ్ల కోపం. కారణం లేదని మేం అనం. కాని మన చట్టాలు మారే రోజున పద్దు పద్దుకూ సవరణ పెట్టి ఓటింగు అడగవలసిన బెంచీలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. జోషీ కాలంలో పుట్టిన 1923, 1926, 1936 చట్టాలు ఆ కోడ్‌లలో కలిసిపోయాయి.

ఇంకొకటి. మూసివేతకూ, తీసివేతకూ సర్కారు అనుమతి కావాలంటే ఫ్యాక్టరీలో ఎంతమంది ఉండాలి? 2019 బిల్లులో 100 ఉంది. 2020లో అది 300 అయింది. మధ్యలో పార్లమెంటు స్టాండింగ్ కమిటీ కూర్చుంది, 300 అన్న మాట దాని నివేదికలోనే ఉంది. మన ఊళ్లో ఒకే మస్టర్ మీద 300 మంది ఉన్న కార్ఖానాలు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. అలాంటి కమిటీ ఒక విషయం తీసుకుంటే, చెప్పుకోవలసినవాళ్లు రాసి పంపండని పేపర్లో ప్రకటన వేస్తారు. ఎవరైనా పంపొచ్చు. మన దగ్గరనుంచి ఒక్క కాగితం పోలేదు. ఈ తప్పు ఇంకొకరి మీదికి తోసేది కాదు, అది కార్యవర్గానిదే.

పోయిన వానాకాలం ఒక సాంచెల కార్ఖానాలో మన కుర్రాడొకడికి రెండు వేళ్లు పోయాయి. యజమాని "వాడు మా మనిషే కాదు" అన్నాడు. మస్టర్‌లో పేరు లేదు, జీతం చేతికి ఇచ్చేవాడు. ఆసుపత్రి కాగితం ఒక్కటే మిగిలింది. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మన దగ్గర లెక్క లేదు. లెక్క లేకుండా ఏ ఎంపీ దగ్గరికి పోయి ప్రశ్న వేయమంటాం? పార్లమెంటులో ప్రశ్నకు జవాబు రాతలో వస్తుంది, అది రికార్డులో నిలుస్తుంది. 1921 తీర్మానం ఎలా పనికొచ్చిందో అలాగే పనికొస్తుంది.

అందుకని వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఆఫీసు మేడ మీదికి రండి. మూడేళ్లలో దెబ్బ తగిలినవాళ్లు ఆసుపత్రి కేసు పేపర్లు తేవాలి. జీతం చీటీలుంటే అవీ, లేకపోతే బ్యాంకు పాస్‌బుక్కులూ తేవాలి. కాన్పు భత్యం అడిగి రానివాళ్లు ఎప్పుడు అడిగారో, ఎవరిని అడిగారో చెప్తే చాలు, రాసుకుంటాం. కాగితాలు మరాఠీలో ఉన్నా ఫరవాలేదు, మన పిల్లలు చదివిపెడతారు. రెండో పాళీ వాళ్లు సాయంత్రం ఆరింటి దాకా రావచ్చు.