దూరమును, ప్రయాణకాలమును



ఫలానా ఊరు ఎంత దూరమని అడిగినచో “రెండు గంటల ప్రయాణము” అని బదులు చెప్పుట తెలుగు పల్లెలలో వాడుక. నేలమీది బాటకు ఈ లెక్క చాలును, ఆకాశమార్గమునకు చాలదు. అచట దూరము హెచ్చి కాలము తగ్గుటయు గలదు. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ విమానయానమే ఇందుకు నిదర్శనము.

భూగోళముపై దారము బిగించి కొలిచినచో ఈ రెండు నగరముల నడుమ సుమారు 12,400 కిలోమీటర్లుండును. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా సంస్థ నడుమ నెచటను దిగని విమానమును ఈ మార్గమున ఆరంభించినది. అది యూరపు, అట్లాంటిక్ సముద్రముల మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయెడిది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రము మీదుగా నడిపిరి. దూరము సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగినది. కాలమో, సుమారు రెండు గంటలు తగ్గి, పదునాలుగున్నర గంటలకు దిగినది!

కారణము గాలి. విమానములు సంచరించు ఎత్తున పడమటినుండి తూర్పునకు మహావేగముగల వాయుప్రవాహములు వీచుచుండును. గోదావరిలో వాలునకు పోవు పడవకును, ఎదురేగు పడవకును గల భేదమే ఇచటను. భాగించి చూడుడు: మొదటి దారిని గంటకు సుమారు 840 కిలోమీటర్లు, రెండవ దారిని సుమారు 1,055 కిలోమీటర్లు. మేఘసందేశమున కాళిదాసుని యక్షుడు, దారి వంకరయైనను ఉజ్జయినిని చూచి పొమ్మని మేఘునకు చెప్పెను. అది సౌందర్యము కొఱకైన చుట్టుదారి. ఇది కాలము కొఱకైన చుట్టుదారి.

గడియారము చేయు మాయ వేఱొకటి. కాకినాడ చెంతగా పోవు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి భారతదేశపు కాలము నడచును. శీతకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో దీనికి పదుమూడున్నర గంటలు వెనుకబడి యుండును. అచట సోమవారము ఉదయము 10 గంటలకు బయలుదేరి పదునాఱు గంటలు ప్రయాణించినవాడు, ఢిల్లీలో మంగళవారము మధ్యాహ్నము మూడున్నరకు దిగును. గడియారము చూచినవారికి ఇరువది తొమ్మిదిన్నర గంటలు గడచినట్లు తోచును.

ఈ లెక్క ఉబుసుపోకకు చెప్పినది కాదు. తెలుగు పల్లెలనుండి కాలిఫోర్నియాకు పోయిన బిడ్డలు అనేకులు. ఇంటి పెద్దకు ప్రాణము మీదికి వచ్చినదను కబురు క్షణములో వారికి చేరును. మనిషి క్షణములో చేరలేడు. “పదునాఱు గంటల దారియే గదా, ఏల రాలేదు?” అని అరుగులమీద కొడుకును నిందించువారు గలరు. టిక్కెట్టు దొఱకుటకు పట్టిన కాలము, విమానమునకై నిరీక్షణము, ఢిల్లీలో మఱియొక విమానము, ఆపై బస్సో కారో! అన్నియు కూడినచో రెండు దినములు ఇట్టే గడచును.

కావున తల్లిదండ్రులు ఆరోగ్యముగ నున్నపుడే బిడ్డలతో మాటాడుకొనుట మేలు: కడచూపునకై ఎంతకాలము వేచియుండవలెను? కొడుకు అందనిచో కర్మ చేయువారెవరు? ముందుగా నిశ్చయించుకొన్న ఇంట నింద పుట్టదు. తల్లిని కడసారి చూడలేకపోయిన బిడ్డ దుఃఖమునకు ఊరి మాట తోడు కాకుండవలెను. దూరమును కొలుచుటకు గొలుసు గలదు, కాలమును కొలుచుటకు గడియారము గలదు. రాలేకపోయినవాని మనస్సును కొలుచు సాధనము లేదు.