ఎవరు వద్దన్నారు?
(చంద్రపూర్ స్మారకోపన్యాసము)



ఎవరి స్మృతికై మనమిచట కూడితిమో ఆ వైద్యులు, సుఖరోగముతో తమ యెదుట తలవంచుకొని కూర్చున్న స్త్రీని “నిరోధ్ ఎందుకు వాడలేదు?” అని యెన్నడును గద్దింపలేదు, “ఎవలు వద్దన్నరు బిడ్డా?” అని ఆమె యింటి తెలుగులో అడుగుచుండెడివారు. మొదటి ప్రశ్నకు మౌనమే సమాధానము. రెండవదానికి ఒక జాబితా వచ్చెడిది. నేటి నా ప్రసంగము ఆ జాబితాకు వ్యాఖ్యానము మాత్రమే.

పూర్వము చాందా యనబడిన యీ గోండురాజుల కోటనగరమున బొగ్గుగనులును, చెంతనున్న బల్లార్పూరున కాగితపు మిల్లును వెలసిన పిదప, ఆదిలాబాదు, కరీంనగరు సీమలనుండి మనవారెందరో కూలినాలికై వార్ధానది దాటి యిటు చేరిరి. ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి, జీతపురోజున చేత డబ్బును గుండెలో ఒంటరితనమును గల పురుషులు గుమిగూడిన తావున వేశ్యావృత్తి తలయెత్తుట ఏ దేశమునకును క్రొత్త గాదు. 1986లో మద్రాసున డాక్టరు సునీతి సోలమన్ బృందము ఈ వృత్తిలోని స్త్రీల రక్తమున మన దేశమున తొలిసారిగా హెచ్.ఐ.వి.ని కనుగొన్నది మొదలు లోకము ఆ స్త్రీలనే రోగమూలముగ నెంచినది. రోగమును తెచ్చి యిచ్చి, మరల ఇంటికి కొనిపోవు పురుషుని త్రోవను విచారించినవారు తక్కువ.

ఇక జాబితా. రాత్రివేళ లారీ దిగినవాడు నిరోధ్ లేకున్న నూరు రూపాయలు ఎక్కువ యిత్తుననును. ఆమె కొంగుముడిలో గది అద్దె బాకీ, వడ్డీవ్యాపారి వాయిదా, పిల్లవాని మందుచీటి ఉన్నవి. తాను కాదన్నచో ప్రక్క గది తలుపు తెరచియే యున్నది. బేరము చెడెనేని యజమానురాలు ఊరకుండదు. పర్సులో నాలుగు నిరోధ్ పొట్లములున్నచో పోలీసువాడు వానినే సాక్ష్యముగ జూపునను భయమును కలదు. వీరందరికంటె బలవంతుడు మరియొకడున్నాడు: ఆమె మగడనుకొన్నవాడు. 1968లో కుటుంబనియంత్రణకై దుకాణములకెక్కిన నిరోధ్ నాడు దంపతుల వస్తువు. ఎయిడ్స్ వచ్చిన పిదప అది అపనమ్మకపు చిహ్నమైనది. విటునియెడ పట్టుబట్టగలిగిన స్త్రీయే, ప్రియుడు “నన్ను నమ్మవా?” అన్నంతనే పొట్లమును దిండుక్రిందికి త్రోయును. గదిలోనున్నవారు ఇద్దరే, నిర్ణయించువారు పదిమంది.

పదిమంది చేసిన నిర్ణయమును ఒక్కతె మార్చజాలదు. కలకత్తాలోని సోనాగాచిలో 1992లో డాక్టరు స్మరజిత్ జానా ఆరంభించిన కార్యక్రమము ఈ సత్యమునే పట్టుకొన్నది. బోధకురాండ్రుగ ఆ వీథి స్త్రీలనే నియమించి, వడ్డీవ్యాపారి చెరనుండి విడిపించుటకు వారిచేతనే సహకారసంఘమును స్థాపింపజేసిరి. మన మహారాష్ట్రముననే సాంగ్లీలో మీనా శేషు నాయకత్వమున సంగ్రామ్ సంస్థయు అదే త్రోవ త్రొక్కగా, 1996లో ఆ స్త్రీలు ‘వ్యాంప్’ అను స్వీయసంఘముగ నేర్పడిరి. ఒక్కతె “నిరోధ్ లేనిచో వద్దు” అన్నచో బేరము పోవును; వీథియెల్ల “వద్దు” అన్నచో అదియే ఆ వీథి ఆచారమగును, విటుడు పోవుటకు ప్రక్క తలుపుండదు. థాయిలాండు ప్రభుత్వము 1991లో ఈ నియమమునే దేశమంతట వేశ్యాగృహముల యజమానులపై పెట్టినది. అచ్చట అది ఏలికల ఆజ్ఞ, సాంగ్లీలో స్త్రీల కట్టుబాటు. ఆజ్ఞ ఏలికతో మారవచ్చును. కట్టుబాటు నిలుచుటకు మాత్రము స్త్రీ చేతిలో తన సొమ్మును, ప్రక్కన తన తోడును ఉండవలెను.

2022 మే నెలలో సుప్రీంకోర్టు, ఈ స్త్రీలు ఆరోగ్యరక్షణకై వాడు నిరోధ్‌ను నేరమునకు సాక్ష్యముగ నెంచరాదని పలికినది. జాబితాలో ఒక్క పేరు న్యాయస్థానము కొట్టివేసినది. తక్కిన పేర్లు అద్దె అడుగువారివి, వడ్డీ గుంజువారివి, నమ్మికను ఎరగా వేయువారివి. జీతపురోజున వెలుతురు తప్పించుకొని ఆ వీథికేగి, మరునాడు ఆ స్త్రీనే నిందించు మనవారివియు. వానిని కొట్టివేయవలసినది ఏ కోర్టును గాదు. కావున ఇకమీదట ఆమెను మనమేమైన అడుగదలచితిమేని, ఆ వైద్యులడిగినదే అడుగుదము. జవాబులో మన పేరు వచ్చినను వినుదము.