మా తాత కొన్న పొలం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలే ఇచ్చారు. డీఏ బకాయిల సంగతి కార్యదర్శిగారు ఎలాగూ చెబుతారు గనుక నేను మా తాతగారి సంగతి చెబుతాను.

మా పూర్వులది తెనాలి ప్రాంతం. మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. దాని కాలువల కింద భూమి చవకని విని కోస్తా జిల్లాల రైతులు ఎందరో బోధన్, బాన్సువాడ వైపు తరలివచ్చారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లను నేటికీ క్యాంపులనే అంటారు. మా తాత అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ పది ఎకరాలు కొన్నాడు. "పులులు తిరిగే అడవి కొట్టి మడి కట్టాడు" అనేది మా నాయనమ్మ. మా ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఈ మాట వినిపించవలసిందే.

రెవెన్యూ గుమాస్తాగా ఊరందరి పహాణీలకూ నకళ్ళు రాశాను గాని, మాది ఏనాడూ తీసి చూడలేదు. రిటైరయ్యాక తాత ట్రంకుపెట్టె తెరిస్తే ఒక ఉర్దూ కాగితం, రెండు పద్దు పుస్తకాలు దొరికాయి. ఆ కాగితాన్ని మన సంఘంలోని ఒక మిత్రులే చదివిపెట్టారు. అది సాదా బైనామా. ఫసలీ 1345. దానికి 590 కలిపితే మన 1935 వస్తుంది. వెల హాలీ సిక్కా 700. హాలీ ఏడు రూపాయలకు కలదారు ఆరు గనుక, ఇంగ్లీషు రూపాయల్లో 600. చివర అమ్మినాయన వేలిముద్ర. హద్దుల కింద ఒక పంక్తి ఉంది: మోటబావి ఒకటి, చింతచెట్లు రెండు సహా.

ఆ పంక్తి మళ్ళీ చదివించుకున్నాను. అడవిలో మోటబావి ఎవరు తవ్వారండీ?

తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాను. సాగుదారు గడిలో మా తాత. పట్టాదారు గడిలో ఇంకా ఆ అమ్మినాయన పేరే! సాదా కాగితం మీది కొనుగోలు గనుక పట్టా మారలేదు. అదే పేరు పద్దు పుస్తకంలో మరోచోట కనబడింది. "పాలేరు" అని రాసి, ఏడాదికి ఇంత ధాన్యం, ఒక గొంగడి, జత చెప్పులు. తన బావి నీళ్ళే తాను మాకోసం తోడాడన్నమాట.

మా తాత కష్టం అబద్ధమని కాదు. చెలకను చదును చేసి వరిమడి కట్టింది ఆయనే. క్వినైను కొన్న పద్దులు పేజీల నిండా ఉన్నాయి. చలిజ్వరానికి ఇద్దరు బిడ్డలను ఆ నేలలోనే పూడ్చాడు.

వంశచరిత్ర రాస్తూ ఆ అమ్మినాయన పేరు మొదటి పేజీలో పెట్టాను. "ఇప్పుడెందుకన్నయ్యా, రేపు పొలం మీదికి వస్తారు" అన్నాడు మా తమ్ముడు. మూడు నెలలు మాట్లాడలేదు కూడా.

ఆయన మనుమడు ఆ ఊళ్ళోనే ఉన్నాడు, సైకిళ్ళు బాగుచేస్తాడు. కాగితం తీసుకెళ్ళి చూపించాను. చేతులు తుడుచుకుని, ఆ వేలిముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి చాలాసేపు చూశాడు. "దీనికి ఒక జిరాక్సు ఇస్తరా సారూ" అన్నాడు. తీయించి ఇచ్చివచ్చాను.