సంయమము నేర్పు సూక్ష్మజీవులు

నేడు పట్టభద్రులగుచున్న యువమిత్రులారా!

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయైనను నిలకడగా కురియని ఈ అనంతపురపు మెట్టభూములలో, కరవుతో కాపురము చేయుచునే విద్యను సాధించిన మిమ్ము మనసార అభినందించుచు, మన ప్రేగులలో నివసించు సూక్ష్మజీవులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

రోగనిరోధకశక్తి యనగా శత్రుసంహారమే యని లోకము చిరకాలము తలచినది. కాని, సూక్ష్మజీవరహితమైన పరిసరములలో పెంచిన ఎలుకల ప్రేగులందు రక్షణకణముల నిలయములు ఎదుగుదల లేక కృశించియుండుటయు, ప్రేగుపొరను కాపాడు ఇమ్యునోగ్లోబులిన్-ఏ అను ప్రతిరక్షకము కొరవడియుండుటయు, సూక్ష్మజీవులను ప్రవేశపెట్టిన పిమ్మట ఆ లోపము చాలవరకు తీరుటయు గమనించిన శాస్త్రజ్ఞులు, ఆ శక్తికి తొలి గురువులు ఈ జీవులేయని గ్రహించిరి. మనకు జీర్ణముగాని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేటు వంటి ఆమ్లములను పుట్టించును; రక్షణవ్యవస్థ దూకుడును అదుపుచేయు నియంత్రక టీ-కణములను ఆ బ్యుటిరేటు వృద్ధిచేయునని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు వెల్లడించినవి. ఆ అదుపు తప్పినచో రక్షణకణములు తినిన అన్నమును, స్వశరీరమును సైతము శత్రువులుగా నెంచి పోరాడును.

కొఱ్ఱలు, రాగులు, జొన్నలు పండిన మన చేలను గత శతాబ్దమున వేరుసెనగ ఆక్రమించినది. సంగటిముద్ద స్థానమును చాలవరకు తెల్లబియ్యము గైకొన్నది. కొఱ్ఱన్నము సర్వరోగహరమని నేననను. ఐనను మనము పీచు మానినచో ఆ జీవులకు పస్తు తప్పదను సత్యమును వైద్యులు, వ్యవసాయవేత్తలు కలిసి యాలోచింపవలెను.

ఆహారమువలెనే మందులును ఆ జీవులపై ప్రభావము చూపును. భీమవరమున 1895లో జన్మించిన జీవరసాయన శాస్త్రజ్ఞులు యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులిరువురిని స్ప్రూ అను ప్రేగువ్యాధికి కోల్పోయిరి. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు ఆయన నాయకత్వము వహించిన కాలముననే ఫోలిక్ ఆమ్లము అచట సంశ్లేషితమైనది. అచటనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్ అను ఆంటీబయాటిక్ 1948లో లోకమునకందినది. ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్ వర్గమునకే చెందిన టెట్రాసైక్లిన్‌ను నేటికిని స్ప్రూ వ్యాధికి చికిత్సలు. అట్టి ఆంటీబయాటిక్ మందులను పడిశెమునకెల్ల విచక్షణ లేక మ్రింగినచో, పడిశెమునకు మేలు కలుగకపోగా మనలను రక్షించు జీవులును నశించును.

కావున, మీలో వైద్యులగువారు అవసరము లేనిచోట ఆంటీబయాటిక్ వ్రాయకుడు. మందుల దుకాణము నడుపువారు చీటీ లేనిదే అమ్మకుడు. కృషిశాస్త్రజ్ఞులు కొఱ్ఱకును రాగికిని గిట్టుబాటు కలుగు మార్గమును వెదకుడు. కరవుసీమ బిడ్డలైన మీకు ఉన్నదానిని పొదుపుగా వాడుట ఒకరు నేర్పనక్కరలేదు. ఆ వివేకమునే మందుల యెడలను చూపుడు. మీకు శుభమగుగాక!