పగలు మన పని కావాలి, రాత్రి మన ఇల్లు వద్దు!

(ఇళ్ల స్థలాల సమస్యపై పల్లె ప్రజలు, కార్యకర్తలు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్థలం ఎన్ని సెంట్లు, పట్టా ఎప్పుడు, బిల్లు ఎప్పుడు - ఈ సంగతులు మాకన్నా మీకే బాగా తెలుసు. మేము వేరే ప్రశ్న అడగదలిచాం. మనకు నాలుగు గోడలు లేస్తాయంటే చాలు, పక్కవాడి గుండెల్లో రాయి ఎందుకు పడుతుంది? మనం పునాది తీయకముందే ఆఫీసుకు అర్జీ ఎట్లా చేరుతుంది?

మేము బడిపంతుళ్లం. మా అమ్మానాన్నలు వేలిముద్రల వాళ్లు. ఇంట్లో మొదట సంతకం నేర్చింది మేమే. అందుకని కాగితం ఏది వచ్చినా పల్లె మా దగ్గరకు తెస్తుంది. ఇళ్ల స్థలాల మీద పెట్టిన అభ్యంతరాల అర్జీలు చాలా చదివాం. ఒక్కదాంట్లోనూ మాల అని లేదు, మాదిగ అని లేదు. వాళ్లూ చట్టం చదువుకున్నారు కదా! కులం పేరు రాయరు. రేటు అని రాస్తారు. మురుగు అని రాస్తారు. రద్దీ అని రాస్తారు. దొంగతనాలు పెరుగుతాయని రాస్తారు.

ఒక్కొక్కటే చూద్దాం. మురుగంటారా, కాలువ తవ్వించమని అడగండి, మేమూ సంతకం పెడతాం. రద్దీ అంటారా, అదే రోడ్డు పక్కన రెండు వందల ప్లాట్ల వెంచర్ వేసి రంగు జెండాలు కట్టినప్పుడు రద్దీ ఎవరికీ గుర్తు రాలేదే! దొంగతనాలంటారా, తెల్లారక ముందే ఆ ఇళ్లకు పాచిపనికి పోయేది మన ఆడవాళ్లు. యజమాని ఊరెళ్తే తాళంచెవి వాళ్ల చేతికే ఇస్తాడు. పసిబిడ్డను వాళ్ల ఒళ్లోనే పెడతాడు. ఆ చెయ్యే పక్క గడపలో దీపం పెడితే భయమట!

ఇక రేటు. దీన్ని మనం గట్టిగా పట్టుకోవాలి. నేల అదే, మట్టి అదే, బోరులో నీళ్లు అవే. మనం పక్కకు వచ్చినందుకు గజం ధర పడిపోతే, పడింది నేల ధర కాదు. కులానికి కూడా గజానికింత అని ధర కట్టి ఉంచారన్న మాట. దాన్ని కాపాడటానికి మనం ఇల్లు లేకుండా ఉండాలా?

ఇది కొత్త సంగతీ కాదు. ఊరి నీళ్లు దిగే పల్లంలో వాడను పెట్టినవాడు అర్జీ రాయలేదు, ఆచారం అన్నాడు. 1917లో అంబేద్కర్ అమెరికాలో పెద్ద చదువు చదువుకుని బరోడా ఉద్యోగానికి వెళితే, ఆ ఊళ్లో ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. దొరికిన ఒక్క పార్శీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అంత చదువూ ఒక గదిని సంపాదించలేకపోయింది. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను చంపిన తరవాత, మిగిలినవాళ్లు చీరాల చేరారు. తిరిగి ఆ ఊరికి పోం, ఇళ్లు ఇక్కడే కావాలని పట్టుబట్టారు. ఇల్లు ఎక్కడ అన్నది ప్రాణంతో ముడిపడ్డ ప్రశ్న అని వాళ్లు మనకు నేర్పారు.

ఇప్పుడు అమరావతికి వద్దాం. 2014 నాటి సీఆర్‌డీఏ చట్టం 53వ సెక్షన్‌లోనే, పేదల ఇళ్లకు కనీసం 5 శాతం స్థలం ఉంచాలని రాసి ఉంది. 2020లో అప్పటి ప్రభుత్వం రాజధాని ప్రాంతంలో ఇళ్ల స్థలాలు ఇస్తామని జీవో తెచ్చింది. కోర్టులో కేసులు పడ్డాయి. పేదలొస్తే జనాభా సమతుల్యం చెడుతుందని వాదిస్తున్నారని అప్పటి ముఖ్యమంత్రే సభల్లో పదేపదే చెప్పారు. 2023 మార్చిలో ఆర్-5 జోన్ అని గజెట్ వచ్చింది. మే 26న గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేద ఆడవాళ్లకు యాభై వేలకు పైగా పట్టాలు పంచారు. అదీ కోర్టు తుది తీర్పుకు లోబడే. జూలై 24న ఇళ్లకు శంకుస్థాపన చేశారు. ఆగస్టు 3న హైకోర్టు నిర్మాణం ఆపమంది. 2024లో ప్రభుత్వం మారింది. పట్టా పెట్టెలో ఉండిపోయింది, ఆ అమ్మ అద్దె ఇంట్లోనే ఉండిపోయింది.

న్యాయంగా మాట్లాడుకుందాం. రాజధాని రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. చెప్పిన ప్లాన్ మార్చొద్దని అడిగే హక్కు వాళ్లకుంది. ఆ రైతుల్లో అసైన్డ్ భూములు ఇచ్చిన మన దళితులూ ఉన్నారు, వాళ్లకు మొదట్లో పట్టా రైతులకన్నా తక్కువ ప్యాకేజీ కట్టిన అన్యాయమూ ఉంది. కానీ ప్లాన్ మార్చొద్దనటం ఒకటి. పేదలొస్తే సమతుల్యం చెడుతుందనటం ఇంకొకటి. మొదటిది ఒప్పందం మాట, రెండోది మనుషుల మీద మాట. రాజధాని కట్టే మేస్త్రీ, ఇటుకలు మోసే కూలీ, రోడ్లు ఊడ్చే అమ్మ, వీళ్లు పగలంతా ఉంటే చెడని సమతుల్యం రాత్రి నిద్రపోతే ఎట్లా చెడుతుంది?

అట్లాగని స్థలం ఇచ్చిన ప్రభుత్వాన్ని నెత్తిన పెట్టుకోనక్కర లేదు. పట్టణ పేదలకు ఇచ్చింది ఒక్క సెంటు. అంటే 48 గజాలు. మంచం వేస్తే పొయ్యికి చోటు లేదు, పొయ్యి పెడితే ముసలమ్మకు చోటు లేదు. తరవాత వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు ఇస్తామంది. సెంట్లు లెక్కపెట్టుకోవాల్సిందే, కాదనం. కానీ ఎన్ని సెంట్లని అడిగినప్పుడల్లా ఎక్కడ అని కూడా అడగాలి.

ఎందుకంటే పక్కవాళ్లు కోర్టుకు పోకుండానే గెలిచే దారి ఒకటుంది. ఆఫీసరే ముందుగా మనల్ని ఊరికి దూరంగా పెడతాడు. చెరువు పల్లంలో, వాగు పక్కన, శ్మశానం అవతల. అక్కడ ఎవరూ అభ్యంతరం పెట్టరు! హైదరాబాదు పేదలకు కట్టిన ఇళ్లు చూడండి. కొల్లూరులో 15,660 ఫ్లాట్లు 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్లు పెద్దవే, భవనాలు ఎత్తయినవే. కానీ ఊరు దాటి, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. నగరం నడిబొడ్డున ఇళ్లల్లో పని చేసుకునే మనిషి అక్కణ్ణుంచి తెల్లారేసరికి పనికి ఎట్లా అందుకోవాలి? పాత వెలివాడకు లిఫ్టు పెట్టినంత మాత్రాన అది ఊరు కాదు.

మన చేతిలో ఆయుధం లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల ఇళ్ల కోసం భూమి తీసుకుంటే భూస్వంతదారులు సుప్రీంకోర్టు దాకా పోయారు. అది చమేలీ సింగ్ కేసు. 1995 డిసెంబరులో కోర్టు వాళ్ల వాదన కొట్టేసింది. నివాసం జీవించే హక్కులో భాగమంది. నివాసమంటే నెత్తిన కప్పు మాత్రమే కాదు, గాలి, వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, పారిశుధ్యం, రోజువారీ పనికి పోయేందుకు రోడ్డు కూడా అని చెప్పింది. ఈ మాట ప్రతి కార్యకర్త నోటికి రావాలి.

చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాం. స్థలం చూపించగానే సర్వే నంబరు రాసుకోండి. వానాకాలంలో అక్కడ నీళ్లు ఎంతెత్తు నిలుస్తాయో పక్క పొలం కూలీలను అడగండి. మెరక చేయించకుండా పునాది తీయొద్దు. ఎవరు అభ్యంతరం పెట్టినా నోటిమాటగా వినొద్దు, కాగితం మీద పెట్టమనండి, నకలు తీసుకోండి, కాగితం మీదే జవాబివ్వండి. కేసు పడితే ప్రభుత్వం చూసుకుంటుందిలే అని కూర్చోవద్దు. ప్రభుత్వాలు మారతాయి, ప్లీడర్లు మారతారు, వాదన మారుతుంది. లబ్ధిదారులే పదిమంది కలిసి కేసులో పార్టీగా చేరాలి. మన ఇంటి సంగతి కోర్టు మన నోటి నుంచే వినాలి. దారి మూసినా, పనికి పిలవొద్దని కట్టడి చేసినా, అంగట్లో సరుకు ఇవ్వకపోయినా, అది సాంఘిక బహిష్కారం. 2015 సవరణతో అత్యాచార నిరోధక చట్టంలో అది నేరమైంది. ఫిర్యాదు రాయండి, రసీదు అడగండి.

ఇంకొక మాట. కాలనీలో మాలలకో వీధి, మాదిగలకో వీధి అని మనమే గీతలు గీసుకుంటే, ఊరివాడి గీతను చెరిపే నోరు మనకుండదు. లాటరీలో ఎవరి పక్కన ఎవరొస్తే వాళ్లే ఇరుగుపొరుగు.

వాళ్ల ఇళ్లు కట్టింది మనం. సున్నం కొట్టింది మనం. వాళ్ల పక్కన ఉండనివ్వమని దణ్ణం పెట్టి అడగం. ఊరు ఎంతవరకూ ఉందో అంతవరకూ మన వాటా ఉంది. ఆ వాటాలో మన గడప మనం పెట్టుకుంటాం.

జై భీమ్!